గుండు మీద చిన్నాయన తువాల

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఈ లోకంలో ఉండేది కాదు. మంచిర్యాలలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో కొత్తగా పనికి కుదిరాను. పగిలిన అద్దాలు మార్చడం, నీళ్లలో పడ్డ ఫోన్లు పట్టుకొచ్చినవాళ్లకు ధైర్యం చెప్పడం నా ఉద్యోగం. ఎవరు ఏ బాధ చెప్పుకున్నా "ఒకసారి బంద్ చేసి మళ్లీ చాలూ చేయండి" అనే ధోరణిలోనే జవాబిచ్చేవాణ్ణి. (ఇంట్లో మా అవ్వ కీళ్లనొప్పులకు కూడా దాదాపు అదే చెప్పాను.) బంద్ అయిన మనిషిని మళ్లీ చాలూ చేసే ఉపాయం నా దగ్గర లేదని మా చిన్నాయన పోయినప్పుడు తెలిసింది. ఛాతీలో నొప్పి అన్నాడట, మంచినీళ్లు అడిగాడట, చిన్నమ్మ చెంబు పట్టుకొచ్చేసరికి అంతా అయిపోయింది.

చిన్నాయన అంటే మా బాపు తమ్ముడు. పిల్లలు లేరు. అందుకని తలకొరివి నేను పెట్టాను. ఆయన చాలా ఏళ్లు దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్లో పనిచేశాడు. ఆ హోటల్లో జపాన్ పద్ధతి స్నానాల గదులుండేవి. వేడినీళ్లు నింపిన కొలనుల్లాంటి తొట్లు, వాటిలో మెడలోతున కూర్చుని కళ్లు మూసుకునే పెద్ద పెద్ద సాబులు. చిన్నాయన పని ఆ తొట్లు తోమడం, నీళ్ల వేడి సరిచూడడం, సాబులు లేవగానే తువాల అందించడం. పనివాళ్లు అందులో కాలు పెట్టకూడదు. అన్నేళ్లు నీళ్లు కాచాడు గానీ ఒక్కనాడూ అందులో కూర్చోలేదు. తిరిగొచ్చేటప్పుడు నీలి గీతల చిన్న తువాల ఒకటి తెచ్చుకుని, ఊళ్లో దాన్నే భుజాన వేసుకు తిరిగేవాడు. ఆయనకు ఇంకో అలవాటుంది. తన పళ్లెంలో అన్నీ ఉన్నా పక్కవాడి పళ్లెంలోంచి ఒక ముక్క ఎత్తితే తప్ప తిన్నట్టు ఉండేది కాదు. "నీ పళ్లెంల లేనిది గాయన పళ్లెంల ఏమున్నది? నీతోని పెండ్లిళ్లకు పోతే ఇజ్జత్ పోతది," అని చిన్నమ్మ కసిరేది. "రుచి సూసిన తీ," అని నవ్వేవాడు. నా చిన్నతనమంతా నేను కోడికాలును చిన్నాయనకు కనపడకుండా అన్నం కింద దాచుకునే తిన్నాను.

మా దిక్కు మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, మోదుగాకు విస్తరిలో వడ్డించి, దహనం చేసిన చోట పెట్టి, దూరం జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టిందంటే పోయిన మనిషి తృప్తిగా వెళ్లాడని అర్థం. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అప్పుడు బంధువులంతా వంతులవారీగా ముందుకెళ్లి మాటలిస్తారు. మా చిన్నాయనకు వేటకూర, బోటి, గుడాలు, కల్లు, బీడీల కట్ట అన్నీ పెట్టాం. కాకులు బోలెడు వచ్చి చెట్టు మీద వాలాయి. ఒక్కటీ కిందికి దిగలేదు. "నీ పెండ్లాన్ని మేం సూస్కుంటం, ఫికర్ పెట్టుకోకు," అని మా బాపు చెప్పాడు. దిగలేదు. "నీ దుకాణం నడిపిస్తం," అని ఎవరో అన్నారు. (చిన్నాయనకు ఊళ్లో చిన్న కిరాణా దుకాణం ఉండేది.) దిగలేదు. ఎండ నెత్తికెక్కాక పెద్దమనుషులు ఆ విస్తరి వాగులో వదిలించి మమ్మల్ని ఇంటికి పంపారు. పదకొండో రోజు నాకు గుండు చేయించి దినం చేశారు. ఆ రోజూ పిట్ట ముట్టలేదు.

అప్పటినుంచి చిన్నమ్మ తిండి మానేసింది. ఏడవదు, ఎవరినీ ఏమీ అనదు. పళ్లెం ముందు పెడితే అన్నం కలిపి, ఒక ముద్ద చేసి, దాన్ని చూస్తూ కూర్చుంటుంది. కాసేపటికి లేచి చేయి కడుక్కుంటుంది. చాయ తాగి బతుకుతోంది. మనిషి రోజురోజుకూ సన్నబడుతూ ఉంటే ఇంటిల్లిపాదికీ భయం పట్టుకుంది. ఒకళ్లను సాగనంపిన ఇంట్లోంచి ఇంకొకరు బయల్దేరేలా ఉన్నారని మా అవ్వ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "జర నువ్వన్న అడుగు బిడ్డా. కొరివి పెట్టినోనివి, నీతోని చెప్తదేమో." అడిగాను. చిన్నమ్మ చాలాసేపు చీర కొంగు మడతలు పెట్టి, ఆ తర్వాత చెప్పింది.

"కరీంనగర్ల గదేదో జపాన్ నీళ్లది పెట్టిన్రు గదా కొడుకా. ఒక్కపారి పోదాం పా, నేను లోపల కూసుంట, ఇంకోడు నాకు తువాల ఇయ్యాలె అని మీ చిన్నాయన ఒకటే పోరుపెట్టిండు. ఆడ నీళ్లు కాగవెట్టినోనివి, ఈడ సాబు లెక్క కూసుంటవా అన్న. నవ్విండు. మల్ల అడగలే. గా మాట పట్టుకొనే పోయిండు. గందుకే ముడుతలేదు."

నేను దుకాణం మనిషిని కదా, వెంటనే ఫోన్ తీశాను. కరీంనగర్ ఊరి బయట, మానేరు నీళ్లు కనపడే వైపు ఆ స్పా ఉంది. దానికి ఆనుకుని జపాన్ తిండి పెట్టే హోటల్ కూడా ఉంది. అక్కడి తిండి తెచ్చి నెలమాసికం నాడు పిట్టకు పెడితే సరిపోతుందని నా ఆలోచన. ఫోన్ చేస్తే, అది పార్సిల్ ఇవ్వరట, అక్కడికక్కడే తినాలట. "అయితే మనమే పోదాం," అంది చిన్నమ్మ. చాలా రోజుల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి 'పోదాం' అది. మేం ఎవరం కాదనలేదు.

నన్నూ చిన్నమ్మనూ తీసుకెళ్లింది మా అక్క మొగుడు మైకు బావ. పెళ్లిళ్లకూ జాతరలకూ మైకుసెట్లు కిరాయికిస్తాడు కాబట్టి ఆ పేరు. మైకు లేనప్పుడు కూడా అదే గొంతుతో మాట్లాడతాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆయనకున్న బండి ఒక్కటే, నెత్తిన రెండు పెద్ద లౌడ్‌స్పీకర్లు బిగించిన వ్యాను. గోదావరి దాటి కరీంనగర్ దాకా దారి పొడుగునా జనం మమ్మల్ని ఎవరికో ఓటు వేయమని చెప్పడానికి వచ్చారనుకున్నారు. వెనక సీట్లో చిన్నమ్మ ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. సంచిలో మోదుగాకు విస్తరి, చిన్నాయన నీలి గీతల తువాల ఉన్నాయి. ఆ తువాలను వేడినీళ్లలో ముంచితే ఆయన స్నానం చేసినట్టేనని ఆమె నమ్మకం. నాకు అందులో లోపమేమీ కనపడలేదు. గుండు చేయించుకున్నవాడికి అప్పట్లో చాలా విషయాలు సబబుగానే తోచేవి.

స్పా ముంగిట్లో గులకరాళ్లు, వెదురు పొదలు, ఎక్కడ చూసినా 'నిశ్శబ్దం పాటించండి' అనే పలకలు. అలాంటి చోటికి మైకు బావ బండి పొగ వదులుతూ వెళ్లి ఆగింది. తలుపు దగ్గర పొడవాటి పూల అంగీ, నడుముకు వెడల్పాటి పట్టీ కట్టుకున్న ఒక అమ్మాయి నడుం వంచి మాకు దండం పెట్టింది. నా గుండు చూసి ఇంకొంచెం ఎక్కువ వంగింది. బౌద్ధ సన్యాసి అనుకుంది కాబోలు. నేనూ వంగాను. మళ్లీ తను వంగింది. ఇది ఎక్కడ ఆపాలో ఇద్దరికీ తెలియలేదు. ఈలోగా బావ నా చెవిలో (అంటే ఊరంతటికీ వినపడేలా), "జపాన్ పిల్ల బామ్మర్ది. ఇంగ్లీషుల మాట్లాడు," అన్నాడు.

"మాది జమ్మికుంటనే అన్నా. జర మెల్లగ మాట్లాడున్రి, లోపల సార్లున్నరు," అంది ఆ అమ్మాయి.

పని ఏమిటని ఆ అమ్మాయి అడిగితే నేను మసాజులూ గిసాజులూ అంటూ ఏదో మొదలుపెట్టాను. చిన్నమ్మ నన్ను పక్కకు జరిపి ఉన్నది ఉన్నట్టు చెప్పింది, పిట్ట ముట్టలేదని, ఆయన కోరిక ఇదని, తువాల తెచ్చానని. ఆ అమ్మాయి నవ్వలేదు. "మా తాతకు గిట్లనే ముట్టకపాయె పెద్దమ్మా. మా బాపు పత్తి మార్కెట్ల హమాలి పని ఇడిసిపెట్టి మూడుపూటలు తిరిగిండు పిట్ట కోసం," అంది. తర్వాత కొంచెం ఇబ్బందిగా, "తువాల మాత్రం నీళ్లల్ల ముంచనియ్యరు. గీడ అదొక్కటి గట్టి పద్ధతి," అని గోడ మీది పలక చూపించింది. ఇంత దూరం వచ్చింది దానికోసమే కదా.

చిన్నమ్మ మాత్రం ఆ పలకకేసి చూస్తూ నిలబడిపోయింది. "నిజమే బిడ్డా. ఆయన గూడ చెప్పేటోడు. తువాల నీళ్లల్ల పెట్టొద్దు, మడిచి నెత్తి మీద పెట్టుకోవాలె, గది వాళ్ల పద్ధతి అనేటోడు. ఎవలన్న ముంచితే ఆయనకు కోపమొస్తుండెనట." అని, సంచిలోంచి తువాల తీసి, నాలుగు మడతలు పెట్టి, నా గుండు మీద సరిగ్గా నడిమధ్య పెట్టింది. "నువ్వు కూసో కొడుకా. ఆయన కూసున్నట్టే. కింద పడనియ్యకు," అంది. ఆడవాళ్ల వైపు స్నానానికి తను రానంది. తోటలో కాళ్లు పెట్టుకునే చిన్న వేడినీళ్ల కాలువ ఉంటే ఆ అమ్మాయి అక్కడికి తీసుకెళ్లింది.

లోపల మాకు లాగులిచ్చారు. ముందు చిన్న పీట మీద కూర్చుని చెంబుతో ఒళ్లంతా కడుక్కోవాలట, ఆ తర్వాతే కొలనులో దిగాలట. పీట, చెంబు, ముందు కాళ్లు కడుక్కోవడం, ఇవన్నీ మా ఇంటి వెనక నీళ్లు పోసుకునే జాలాట్లో రోజూ జరిగేవే. ఇందుకోసం జపాన్ పేరెందుకని బావ గొణిగాడు. కానీ ఆ నీళ్లలో కాలు పెట్టగానే ఆయన గొణుగుడు ఆగింది. ఆ వేడికి మొదట అరవబోయాను. తువాల పడిపోతుందని మెడ కదల్చకుండా, నిండు బిందె నెత్తిన పెట్టుకున్న మనిషిలా మెల్లగా దిగి, గొంతు దాకా మునిగి కూర్చున్నాను. ఎదురుగా ఒక పెద్దమనిషి కళ్లు తెరిచి నన్ను చూసి, గౌరవంగా మళ్లీ మూసుకున్నాడు. గుండు, దాని మీద మడతపెట్టిన తువాల, ఎటూ కదలని చూపు, ఇంతటి నిష్ఠాపరుణ్ణి ఆయన అంతకుముందు చూసి ఉండడు.

కాసేపటికి ఒళ్లంతా వదులైంది. దుకాణం, గిరాకీలు, పగిలిన అద్దాలు అన్నీ దూరం జరిగాయి. చిన్నాయన ఒక్కడే దగ్గరికొచ్చాడు. ఈ నీళ్ల అంచున బ్రష్షు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నట్టు, వేడి చూడడానికి మోచేయి దాకా చేయి ముంచి తీసుకున్నట్టు కనపడ్డాడు. ఆ చేయి తప్ప ఆయన ఒంట్లో ఇంకే భాగానికీ ఈ సుఖం తెలియదు. నాకు దుఃఖం ఆగలేదు. ముఖమంతా ఆవిరీ చెమటా కాబట్టి ఎవరికీ తెలియదులే అనుకుని ఏడ్చాను. పక్కకు చూస్తే బావ పెదవులు కదులుతున్నాయి గానీ మాట వినపడడం లేదు. అక్కతో పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన గొంతు వినపడకపోవడం అదే మొదలు. చెవి దగ్గర పెట్టి విన్నాను. "మామ గీండ్ల కూసుంటే ఎంత మంచిగుండు బామ్మర్ది," అంటున్నాడు.

ఒళ్లు తుడుచుకుని హోటల్ వైపు వెళ్లాం. నీళ్లకు ఎదురుగా తెరిచి ఉన్న వరండా, పొట్టి బల్లలు, కింద చాపలు. పైసలు తీసుకుని కింద కూర్చోబెట్టారేమిటని బావకు కొంచెం కష్టమనిపించింది. చిన్నమ్మకు మాత్రం హాయిగా ఉన్నట్టుంది, చక్కగా మఠం వేసుకుంది. నల్లటి ఆకులో చుట్టిన అన్నం ముద్దలు, పలచటి పులుసు, వేయించిన కోడి ముక్కలు వచ్చాయి. చిన్నమ్మ ఎవరినీ ముట్టనివ్వలేదు. సంచిలోంచి మోదుగాకు విస్తరి తీసి, ప్రతిదీ కొంచెం కొంచెం వడ్డించి, వరండా చివర పిట్టగోడ మీద పెట్టింది. ముగ్గురం దూరం జరిగి నిలబడ్డాం. చుట్టుపక్కల బల్లల వాళ్లు తినడం ఆపి మమ్మల్ని చూస్తున్నారు.

ఒక్క కాకీ లేదు. ఊరంతా కాకులున్నాయి, ఈ ఆవరణలో మాత్రం లేవు. కొంతసేపటికి స్తంభం మీంచి డేగ అరుపు వినపడింది. మళ్లీ కొంతసేపటికి అదే అరుపు. మైకు బావ చెవి రిక్కించాడు. "గది పక్షి కాదు. యాంప్లిఫయర్," అన్నాడు. చూస్తే నిజంగానే స్తంభానికి చిన్న డబ్బా కట్టి ఉంది. కాకులొచ్చి గిరాకీల పళ్లేల మీద పడుతున్నాయని, వాటిని బెదిరించడానికి యజమాని పెట్టించాడట. మేం దేని కోసం వచ్చామో దాన్నే తరిమేసే యంత్రం అది. చిన్నమ్మ ముఖం చూడలేకపోయాను. జమ్మికుంట అమ్మాయి ఒకసారి లోపలికి చూసి, ఒకసారి చిన్నమ్మను చూసి, "నేను పులుసు తేవోతున్న అన్నా. ఆ వైరు ఎవలు పీకిన్రో నేను సూడలే," అని వెళ్లిపోయింది. జీవితమంతా చప్పుడు చేయడానికే వైర్లు కలిపిన బావ మొదటిసారి చప్పుడు ఆపడానికి వైరు పీకాడు.

కాకులు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఒకటి, తర్వాత ఇంకో రెండు, పిట్టగోడ మీద వరుసగా వాలాయి. విస్తరి కేసి మెడ వంచి చూశాయి. ముట్టలేదు. చిన్నమ్మ రెండు చేతులూ జోడించి ముందుకెళ్లింది. చుట్టూ జనమున్నారని కూడా ఆమెకు గుర్తులేదు.

"నేనన్న మాట తప్పే. ఇయ్యాల సాబు లెక్కనే కూసున్నవు. పిలగాడు కూసుంటే నువ్వు కూసున్నట్టే. నీ తువాల తడ్వలే, నీ పద్ధతి పోలే. నా నోటి సంగతి నీకెరికే గదా, నా మీద అంత కోపమెందుకు? తిను."

కాకి ఒకటి విస్తరి దగ్గరికి నడిచింది. అది విస్తరి చుట్టూ తిరిగి, అందులోని కోడి ముక్కను చూసి, ఏమనుకుందో ఏమో, ఒక్క ఎగురు ఎగిరి మా బల్ల మీద వాలి, బావ పళ్లెంలోంచి అన్నం చుట్ట ఒకటి ముక్కున కరుచుకుని మానేరు వైపు వెళ్లిపోయింది.

మొదట తేరుకున్నది బావే. "గది లెక్కకు రాదత్తా. విస్తరిల ముట్టాలె. నా పళ్లెంల ముడితే ఎట్ల?" అన్నాడు బాధగా. నాకూ అదే న్యాయమనిపించింది, అలాగే అందామని నోరు తెరిచాను. చిన్నమ్మ కాకి వెళ్లిన వైపే చూస్తోంది. ఆమె ముఖంలో ఏదో విడిపోతున్నట్టుంది.

"ఆయన ఎన్నడన్న తన పళ్లెంల తిన్నడా?" అంది.

అని వచ్చి బల్ల ముందు కూర్చుంది. పళ్లెం దగ్గరికి లాక్కుని, ఆ చుట్ట ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది. "సద్దన్నం లెక్కున్నది. ఉప్పు జర తక్కువైంది," అంది. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తింటూనే ఉంది. ఏడవడం, తినడం రెండూ ఆ రోజే మొదలుపెట్టింది. జమ్మికుంట అమ్మాయి పులుసు గిన్నె పట్టుకుని తలుపు దగ్గరే ఆగిపోయింది. బావ తన పళ్లెంలో మిగిలినవి కూడా చిన్నమ్మ వైపు జరిపాడు. నేను మాత్రం మిగిలిన నా ముక్కలను అలవాటుగా పులుసు గిన్నె చాటుకు జరిపి, ఎవరి నుంచి దాస్తున్నానో గుర్తొచ్చి మళ్లీ ముందుకు పెట్టాను.

ఆ స్పా ఎక్కువ రోజులు నడవలేదు. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాల్ ఉంది, మైకుసెట్టు మా బావదే. చిన్నమ్మ రెండుపూటలా తింటోంది, ఉప్పు తక్కువైందని మా అందరినీ తిడుతోంది. ఆ తువాల ఆమె ఇంట్లో దండెం మీద ఉంటుంది. ఎంత అడిగినా చేతులు తుడుచుకోవడానికి ఇవ్వదు. ఇక నా గుండుకు మంగలితో పనిలేకుండా పోయింది, కాలమే ఆ పని చూసుకుంది. అన్నీ తెలుసనుకుంటూ, నెత్తి మీద తువాల పడిపోకుండా కాపాడుకుంటూ, వేడినీళ్లలో దొంగతనంగా ఏడ్చిన ఆ పిల్లగాడు గుర్తొస్తే ఇప్పుడు వాడి మీద నాకు ముచ్చటేస్తుంది. రాత్రి భోజనాల దగ్గర నాకు తెలియకుండానే నా చేయి మా ఆవిడ పళ్లెంలోకి వెళ్తుంది. "నీ పళ్లెంల లేదా?" అంటుంది ఆవిడ. "రుచి సూసిన తీ," అంటాను. అన్నది ఎవరి మాటో నాకు తట్టేలోపే, ఆవిడ ఇంకో ముక్క నా వైపు జరిపి ఉంటుంది.